వృత్త్యంతరం

వేసవి సెలవులు సగానికి వచ్చేసరికి మాకు ఒక ఉత్తర్వు అందుతుంది. ఒకప్పుడు కాగితం మీద వచ్చేది, ఇప్పుడు వాట్సాప్ గ్రూపులో పీడీఎఫ్‌గా వస్తోంది. విషయం అన్నచోట ఉండే మాట మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే: ‘వృత్యంతర శిక్షణ’. బ్యాంకు ఉద్యోగికి ట్రైనింగ్ ఉంటుంది, కానిస్టేబుల్‌కి ట్రైనింగ్ ఉంటుంది. ఇంత బరువైన సంస్కృత సమాసం పెట్టుకున్నది మాత్రం బడిపంతుళ్లమే. ఉద్యోగంలో చేరక ముందు డీఎడ్డో బీఎడ్డో చదువుతాం, అది వృత్తిపూర్వ శిక్షణ. చేరాక సర్కారు ఇచ్చేది వృత్యంతర శిక్షణ. పుస్తకాలు మారినప్పుడల్లా, పరీక్షా విధానం మారినప్పుడల్లా, విద్యా ప్రణాళిక మారినప్పుడల్లా ఈ మాట మళ్లీ మా ముందుకు వస్తుంది. తెలుగు చెప్పే టీచరుగా నేను ఈ మాటను విప్పి చూడాలనుకున్నాను. విప్పేకొద్దీ, మా వృత్తిలో నేర్చుకోవడం గురించి నేను అనుకుంటున్న సంగతులన్నీ ఇందులోనే ఉన్నాయనిపించింది.

ముందు వర్ణక్రమం. వృత్తి, అంతర అనే రెండు మాటలు కలిస్తే ఇకారం స్థానంలో యకారం వస్తుంది. అతి, అంత కలిసి అత్యంత అయినట్టే ఇదీ యణాదేశ సంధి. వృత్తిలో ఉన్న రెండు తకారాలూ ఎక్కడికీ పోవు కాబట్టి రాయాల్సింది ‘వృత్త్యంతర’. ఉత్తర్వుల్లో, బ్యానర్ల మీద, పత్రికల్లో ఒక తకారం జారిపోయి ‘వృత్యంతర’ అని స్థిరపడింది. ఒక్క తకారంతో ఉన్న ‘వృతి’ కూడా సంస్కృతంలో ఉంది. దాని ధాతువు వేరు, అర్థం కంచె. ఆవృతం, ఆవరణ అనే మాటలు ఆ వైపు చుట్టాలు. కాబట్టి అచ్చులో మనం చూస్తున్న మాటకు అక్షరార్థం చెబితే ‘కంచె లోపలి శిక్షణ’ అవుతుంది. ఇది వట్టి ముద్రణ దోషమే, ఇంతకంటే దీని మీద ఏమీ కట్టనక్కర్లేదు. అయితే పదో తరగతిలో యణాదేశం చెప్పేటప్పుడు ఈ రెండు రూపాలనూ బల్ల మీద పక్కపక్కన రాస్తాను. అత్యంత, ప్రత్యేకం అని వల్లె వేయించిన దానికంటే పిల్లలకు బాగా పట్టుబడుతుంది.

వృత్తికి మూలం ‘వృత్’ ధాతువు. ఉండటం, మసలడం, తిరగడం దాని అర్థాలు. వృత్తం, ఆవృత్తి, ప్రవృత్తి, నివృత్తి, పరివర్తన, వర్తమానం అన్నీ ఆ ఇంటివే. మనిషి రోజూ దేనిలో మసలుతూ బతుకుతాడో అది అతని వృత్తి. చేతివృత్తి అన్నప్పుడు బతుకుతెరువు, చిత్తవృత్తి అన్నప్పుడు మనసు పోకడ. పాత దానశాసనాల్లో అగ్రహారంలో ఒక్కొక్కరికి పంచిన వాటా పేరు కూడా వృత్తే. వీటన్నిటికంటే నాకు దగ్గరైన అర్థం వ్యాకరణ శాస్త్రంలో ఉంది. సూత్రానికి రాసిన వివరణను అక్కడ వృత్తి అంటారు. పాణిని సుమారు నాలుగు వేల సూత్రాల్లో ఒక భాషనంతా ఇమిడ్చాడు. ఆ సూత్రాలు విడిగా చదివితే చాలావాటికి అర్థమే తెలియదు, కొన్ని రెండు మూడు మాటలకు మించవు. ఏడో శతాబ్దం ప్రాంతంలో జయాదిత్యుడు, వామనుడు రాసిన కాశికావృత్తి ఆ సూత్రాలను ఒక్కొక్కటిగా తీసుకుని, పై సూత్రం నుంచి ఏ మాట దిగి వస్తోందో చూపి, ఉదాహరణ ఇచ్చి, ఎక్కడ వర్తించదో చెప్పడానికి ప్రత్యుదాహరణ కూడా ఇస్తుంది. పై సూత్రంలోని మాట కింది సూత్రానికి దిగి రావడానికి ‘అనువృత్తి’ అని పేరు.

విద్యా ప్రణాళిక పత్రాలన్నీ సూత్రాల్లాగే ఉంటాయి, ఉండక తప్పదు. యశ్‌పాల్ అధ్యక్షతన తయారైన 2005 జాతీయ విద్యా ప్రణాళిక చట్రం చెప్పిన మొదటి మాటల్లో ఒకటి, బడిలోని జ్ఞానాన్ని బడి బయటి జీవితంతో ముడిపెట్టాలని. ఎవరూ కాదనలేని వాక్యం. కానీ మంగళవారం మూడో పీరియడ్‌లో, యాభై మంది ఉన్న ఎనిమిదో తరగతిలో, శతక పద్యాలు చెబుతున్నప్పుడు ఆ ముడి ఎక్కడ వేయాలి? దానికి ఉదాహరణ ఏది, ప్రత్యుదాహరణ ఏది? నిన్నటి పాఠం నుంచి నేటి పాఠానికి ఏ మాట దిగి రావాలి? ఈ వివరణ రాసేది ప్రణాళికా సంఘం కాదు, రాయలేదు కూడా. తరగతిలో నిలబడిన టీచరే రాయాలి. సూత్రానికి వివరణగా నిలవడం అన్న అర్థంలోనే నేను ఉపాధ్యాయ వృత్తి అన్న మాటను తీసుకుంటాను. ఈ సమాసంలో ‘వృత్తి’ వైపు నాకు అందిన విషయం ఇది. చిక్కంతా ‘అంతర’ దగ్గరుంది.

అంతర అన్న మాట ఎన్ని పనులు చేస్తుందో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. అమరకోశం నానార్థవర్గంలో దీనికి చాలా అర్థాలు పోగుచేసింది: అవకాశం, అవధి, కట్టుకునే బట్ట, మరుగు, భేదం, రంధ్రం, తనది అనిపించుకునేది, లేకపోవడం, సమయం, నడుమ, అంతరాత్మ. వీటి మధ్యలో ఇంకో అర్థం కూడా ఉంది, ‘బయట’. లోపల అనే మాటకు బయట అనే అర్థమా అని తడబడతాం. అమరానికి తెలుగునాట పండితులు దశాబ్దాల పాటు వాడిన వ్యాఖ్య పేరు గురుబాలప్రబోధిక. గురువుకూ బాలుడికీ కూడా తెలియజెప్పేది అని ఆ పేరును చదువుకోవచ్చు. బోధించేవాడు కూడా నేర్చుకునే జాబితాలోనే ఉన్నాడని ఒక పుస్తకం పేరే ఒప్పుకోవడం నాకెంతో గౌరవంగా తోస్తుంది.

చారిత్రక భాషాశాస్త్రం ఈ చిక్కును కొంత విప్పింది. లోపల, నడుమ అనే అర్థాలున్న అంతర లాటిన్ ‘ఇంటర్’కు చుట్టం. వేరే, మరొక అనే అర్థమున్న అంతర జర్మన్ ‘ఆండర్’కు, ఇంగ్లీషు ‘అదర్’కు చుట్టం. పుట్టుకలో వేర్వేరైన రెండు మాటలు సంస్కృతంలోకి వచ్చేసరికి ఒకే రూపంలో కలిసిపోయాయి. దాంతో లోపలిదీ వేరేదీ ఒకే గొంతులో పలకడం మొదలైంది.

ఇప్పుడు సమాసం చూడండి. దేశాంతరం అంటే దేశం లోపల అని ఎవరూ అనుకోరు, వేరే దేశమని అర్థం. గ్రామాంతరం వేరే ఊరు, జన్మాంతరం వేరే జన్మ, మతాంతరం వేరే మతం, రూపాంతరం వేరే రూపం, భాషాంతరం వేరే భాష. విషయాంతరం అంటే ప్రస్తుతాన్ని వదిలి మరో సంగతిలోకి పోవడం. నామవాచకం తర్వాత అంతరం చేరితే ‘మరొకటి’ అనే అర్థం రావడం సంస్కృతంలో స్థిరపడిన పద్ధతి, తెలుగువాళ్ల చెవికీ అదే అలవాటు. ఆ లెక్కన వృత్త్యంతరం అంటే వేరే వృత్తి. వృత్త్యంతర శిక్షణ అంటే వేరే వృత్తి చేసుకోవడానికి ఇచ్చే శిక్షణ. ‘వృత్తిలో ఉండగా’ అనే అర్థం కోసం ఈ మాటను కట్టినవాళ్లు అంతర అనే శబ్దాన్ని ‘లోపల’ అని తీసుకున్నారు, చెవి దాన్ని ‘వేరే’ అని వింటుంది.

చెవి విన్నది కూడా నిజమేనని నా నమ్మకం. గిజుభాయి బధేకా వకీలు. ప్రాక్టీసు వదిలి భావనగర్‌లో బడిలోకి వచ్చాడు, 1920లో దక్షిణామూర్తి బాలమందిరం మొదలైంది. ఆయన ‘పగటికల’ తెలుగు టీచర్లు చేతులు మార్చుకుంటూ చదివిన పుస్తకం. ఆయనది అక్షరాలా వృత్త్యంతరం. కానీ ఉద్యోగం మారకుండా, బడి మారకుండా, అదే బల్ల పక్కన నిలబడి వృత్తి మారిపోయిన వాళ్లం మేము. ప్రణాళిక మారడమంటే అదే.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011 రాష్ట్ర విద్యా ప్రణాళిక చట్రం తర్వాత వచ్చిన మార్పును తీసుకుందాం. 2009 విద్యాహక్కు చట్టం దాని వెనక ఉంది. కొత్త వాచకాలు 2012–13లో మొదలై, 2014–15లో పదో తరగతితో పూర్తయ్యాయి. ఈలోగా రాష్ట్రమే రెండయింది. పాత వాచకంలో పాఠం, కఠిన పదాలకు అర్థాలు, ప్రశ్నలు ఉండేవి. టీచరు చదివి, అర్థం చెప్పి, ప్రశ్నలకు జవాబులు బల్ల మీద రాస్తే పిల్లలు నోట్సులో ఎక్కించుకునేవారు. కొత్త వాచకం తెరిస్తే పాఠంలో సమాధానం దొరకని ప్రశ్నలున్నాయి. నువ్వైతే ఏం చేసేవాడివి, ఈ కథను సంభాషణగా రాయి, మీ ఊళ్లో పెద్దవాళ్లను అడిగి సామెతలు సేకరించు, అపరిచిత గద్యాన్ని చదివి ప్రశ్నలు తయారుచేయి. అవగాహన–ప్రతిస్పందన, వ్యక్తీకరణ–సృజనాత్మకత, భాషాంశాలు అని విద్యాప్రమాణాలు. పదో తరగతి పబ్లిక్ పరీక్షలో అప్పట్లో 80 మార్కులు రాతకు, 20 బడిలో వేసే అంతర్గత మూల్యాంకనానికి. జవాబు చెప్పే పని చేస్తున్న మనిషిని జవాబు చెప్పకుండా ఉండే పనిలోకి రమ్మన్నారు. పిల్లవాడు తప్పు వాక్యం రాస్తే ఎర్రసిరాతో కొట్టే చేతిని, ఆ వాక్యంలో వాడు ఏం అనబోయాడో వెతకమన్నారు. అది మంచి మార్పు, నేను నిండు మనసుతో అంటున్నాను. నా పిల్లలు రాసిన సొంత కథలు ఆ పుస్తకాలు రాకపోతే నా చేతికి వచ్చేవి కావు. కానీ అది వృత్త్యంతరం. అదే పేరుతో, అదే జీతంతో వేరే వృత్తి. 2020 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగుగా ద్విభాషా పుస్తకాలు వచ్చినప్పుడు, పాతికేళ్లుగా తెలుగులో సైన్సు చెప్పిన నా తోటి టీచర్లకు ఎదురైంది భాషాంతరం ఒక్కటే కాదు. పిల్లవాడి ముఖం చూసి అప్పటికప్పుడు మాట మార్చి చెప్పే సులువు పోయింది. వాళ్ల చేతిలోని అసలు పనిముట్టు అదే.

వేరే వృత్తిలోకి మనిషిని పంపడానికి ఎంత సమయం కావాలి? వచ్చిన శిక్షణ కొద్ది రోజులది. రాష్ట్ర స్థాయిలో కొందరికి చెబితే వాళ్లు జిల్లాలో, జిల్లావాళ్లు మండలంలో చెప్పే పద్ధతి. రిసోర్సు పర్సన్లుగా వచ్చినవాళ్లు మాలాంటి టీచర్లే, చాలామంది ఎంతో కష్టపడి తయారై వచ్చేవారు. లోపం మనుషుల్లో లేదు, మెట్ల వరసలో ఉంది. పై మెట్టు మీద జరిగిన చర్చ కింది మెట్టుకు వచ్చేసరికి స్లైడు అవుతుంది. ఆ స్లైడును మేం నోట్సులో రాసుకుంటాం. పిల్లల చేత నోట్సు రాయించొద్దని చెప్పే శిక్షణలో నోట్సు రాసుకోవడం ఎంత విచిత్రమో మాలో అందరికీ తెలుసు. అడగడానికి మాత్రం అక్కడ చోటు ఉండేది కాదు.

ఆ మార్పులోనే అంతరం ఇంకో వేషంలో వచ్చింది. నిరంతర సమగ్ర మూల్యాంకనం. నిర్ అంటే లేదు, అంతరం అంటే ఎడం. ఎడం లేనిది నిరంతరం. ఏడాది చివర మూడు గంటల పరీక్షతో పిల్లవాడి సంగతి తేల్చవద్దు, రోజూ గమనిస్తూ ఉండు అన్నది దాని ఉద్దేశం. ఇంతకంటే మానవీయమైన ఆలోచన పరీక్షల చరిత్రలో నాకు కనబడలేదు. కానీ గమనించడమన్నది తల్లి బిడ్డను చూసుకున్నంత ఎడతెగకుండా సాగాలంటే దాన్ని రాసిపెట్టే పని తేలిగ్గా ఉండాలి. మాకు వచ్చింది ఏడాదికి నాలుగు నిర్మాణాత్మక మూల్యాంకనాలు. ఒక్కోదాంట్లో భాగస్వామ్యం–ప్రతిస్పందనలు, రాత అంశాలు, ప్రాజెక్టు పని, లఘుపరీక్ష అని నాలుగు సాధనాలు. ప్రతి సాధనానికీ ప్రతి పిల్లకీ మార్కు, ప్రతి మార్కుకూ రుజువు, రిజిస్టరులో ఒకసారి, ఆన్‌లైన్‌లో ఒకసారి. ఐదు సెక్షన్లు చూసే తెలుగు టీచరుకు అది ఎంత రాతో లెక్క వేసి చూడండి. ప్రాజెక్టు పనులు ఊళ్లోని జిరాక్సు షాపులో తయారై దొరికే స్థితి వచ్చింది. పిల్లల మీద నిందవేయడం అన్యాయం, వాళ్లకూ ఎడం లేదు.

ఎడం లేకపోతే నేర్చుకోవడం ఉండదు. వ్యాకరణంలో సంధి జరగాలన్నా రెండు శబ్దాలు విడిగా ఉండి దగ్గరికి రావాలి. పాఠం చెప్పిన తర్వాత, తర్వాతి పాఠానికి ముందు, నిన్న ఏం జరిగిందని తలచుకునే కాస్త వ్యవధి టీచరుకు కావాలి. ఆరు పీరియడ్ల తర్వాత ఏడోది ఖాళీ ఉంటే, సెలవు పెట్టిన టీచరు క్లాసుకు పంపుతారు. అమరకోశం చెప్పిన అర్థాల్లో అవకాశం మొదటిది. అవకాశమంటే అక్కడ ఛాన్సు కాదు, ఖాళీ చోటు. ఉపాధ్యాయ విద్య గురించి మాట్లాడేవాళ్లు శిక్షణ దినాల సంఖ్య లెక్కిస్తారు, వారానికి ఎన్ని పీరియడ్లు ఖాళీ ఉన్నాయో ఎవరూ లెక్కించరు. నా అనుభవంలో రెండోది ఎక్కువ తేల్చింది.

మళ్లీ ‘బయట’ అనే అర్థం దగ్గరికి వస్తాను. పాణిని ఒక సూత్రంలో, బయట ఉన్నది అనే అర్థంలోనూ లోపల కట్టే వస్త్రం అనే అర్థంలోనూ అంతర శబ్దం సర్వనామాల్లా ప్రవర్తిస్తుందని చెప్పాడు. బయట అనే అర్థానికి కాశిక ఇచ్చే ఉదాహరణ ఇళ్ల గురించి. ఊరికి వెలుపల, వెలిగా ఉంచిన మనుషుల ఇళ్లు అవి. ఆ ఉదాహరణ చదివినప్పుడు పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. పన్నెండు వందల ఏళ్లకు పైగా ఒక వ్యాకరణ ఉదాహరణలో ఆ ఇళ్లు ఊరి బయటే ఉన్నాయి. ఇవాళ సర్కారు బడిలో నా ముందు కూర్చున్న వాళ్లలో చాలామంది ఆ ఇళ్ల పిల్లలు, ఇంట్లో మొట్టమొదట బడికి వచ్చినవాళ్లు. బడి లోపలి జ్ఞానాన్ని బయటి జీవితంతో కలపాలని ప్రణాళిక అంటున్నప్పుడు, ఆ బయట ఎవరిదో టీచరుకు తెలియాలి. అది ఏ శిక్షణ కేంద్రంలోనూ చెప్పగలిగిన సంగతి కాదు.

ఒకసారి ఎనిమిదో తరగతిలో అంతరంతో ముడిపడిన మాటలు ఏరుకుని రమ్మన్నాను. నిఘంటువు చూసుకుని వచ్చినవాళ్లు అంతరంగం, అంతరిక్షం తెచ్చారు. గుడి దగ్గర ఇల్లున్న అమ్మాయి అంతరాలయ దర్శనం అని తెచ్చింది. వెనక బెంచీ నుంచి ఒకబ్బాయి ‘అంతరపంట’ అన్నాడు. వాళ్ల నాన్న వేరుశనగలో కంది వేస్తాడు. అంటే ఏమిటో చెప్పమంటే లేచి నిలబడి, పైరు పీకకుండా సాళ్ల మధ్య ఇంకో పంట వేస్తారు సార్, కలుపు వస్తే గుంటక తోలి అంతరకృషి చేస్తారు అన్నాడు. వ్యవసాయ శాఖవాళ్లు ఊళ్లోకి తెచ్చిన మాటలు అవి, రైతు నోట నలిగి సొంతమయ్యాయి. ఆ మాటలో అంతర అంటే ఏమిటో అనుమానమే లేదు. పైరు నిలిచి ఉండగానే దాని సాళ్ల నడుమ చేసే పని. పది శిక్షణల్లో నాకు అందని వృత్త్యంతర శిక్షణ నిర్వచనం ఆ వెనక బెంచీ నుంచి వచ్చింది. ఆ అబ్బాయి అంతకుముందు నా తరగతిలో నోరు తెరిచి జవాబు చెప్పింది తక్కువ.

సాళ్ల మధ్య పని మన దగ్గర ఎవరూ చేయలేదని కాదు. బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో 1980ల్లో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం, కృత్యాల ద్వారా బోధన అన్నదాన్ని ముందుకు తేవడంతో పాటు, టీచర్లు కలుసుకునే ఉపాధ్యాయ కేంద్రాలను కూడా ఏర్పరిచింది. దగ్గరి ఊళ్ల టీచర్లు తాము తయారుచేసిన బోధనోపకరణాలు పట్టుకుని వచ్చి ఒకరికొకరు చూపుకునేవారని పెద్దలు చెప్పేవారు. అట్టముక్కల గడియారం, అగ్గిపుల్లల లెక్కలు. తర్వాత స్కూల్ కాంప్లెక్సు సమావేశాలు ఆ చోటును తీసుకున్నాయి. బాగా జరిగిన కాంప్లెక్సు సమావేశంలో ఒక టీచరు మాదిరి పాఠం చెబుతుంది, మిగతావాళ్లు కూర్చుని చూస్తారు, తర్వాత మాట్లాడుకుంటారు. బాగా జరగని రోజు సర్క్యులర్లు చదివి, సంతకాలు తీసుకుని పంపేస్తారు. జపాన్‌లో జుగ్యో కెంక్యూ అనే పద్ధతి వందేళ్లకు పైగా బడుల్లో నడుస్తోంది. కొందరు టీచర్లు కలిసి ఒక పాఠాన్ని నెలల తరబడి తయారుచేస్తారు, ఒకరు చెబుతారు, మిగతావాళ్లు అదే గదిలో నిలబడి పిల్లలు ఏం చేస్తున్నారో రాసుకుంటారు. టీచరును కాదు, పిల్లలను చూస్తారు. తర్వాత పాఠాన్ని సవరించి మరో తరగతిలో మళ్లీ చెబుతారు. మన కాంప్లెక్సుకూ దానికీ ఏర్పాటులో తేడా తక్కువ, ఆ సమయాన్ని దేనికి వాడుకుంటామన్న దగ్గర తేడా ఎక్కువ.

ఇప్పటి శిక్షణ ఎక్కువగా తెర మీదికి చేరింది. 2017లో వచ్చిన వేదిక పేరు దీక్ష, 2019లో మొదలైన జాతీయ కార్యక్రమం పేరు నిష్ఠ. ఇంగ్లీషు పొడి అక్షరాలను కలిపి ఈ పేర్లు కట్టారు, వినడానికి బాగున్నాయి. వాటిలో మంచి కోర్సులున్నాయి, పునాది అక్షరాస్యత గురించి నేను వాటిలో కొత్తగా తెలుసుకున్నవీ ఉన్నాయి. కానీ దీక్షా నిష్ఠా రెండూ ఒంటరి సాధన మాటలు. మాల వేసుకున్న మనిషి నియమాలు తను పాటిస్తాడు. టీచరు నేర్చుకోవడం అలా జరగదు. పక్క గది టీచరు, ఎదురు బెంచీ పిల్ల లేకుండా మాకు కొత్త విద్య నిలవదు. 2020 జాతీయ విద్యా విధానం ప్రతి టీచరూ ఏడాదికి కనీసం 50 గంటలు వృత్తిపరమైన అభివృద్ధికి కేటాయించాలంది. ఆ 50 గంటలు ఎక్కడ గడుస్తాయన్నదే అసలు ప్రశ్న.

అంతర కుటుంబంలో ఒక మాటను చివరికి దాచుకున్నాను. అభ్యంతరం. సంస్కృతంలో దాని అర్థం లోపలి భాగం, లోపలిది. బాహ్యాభ్యంతరాలు అంటే బయటా లోపలా. తెలుగులోకి వచ్చాక మాత్రం అది ఆక్షేపణ, అడ్డు. నాకేం అభ్యంతరం లేదు అంటాం. నడుమ వచ్చి అడ్డుపడేది అంతరాయం, అవాంతరం అయినట్టే ఇదీ అయింది. ప్రణాళిక మారినప్పుడు టీచరు నోరు తెరిచి ఇది మా తరగతిలో నడవదు అంటే, మార్పుకు అభ్యంతరం చెబుతున్నాడని రాసుకుంటారు. బద్ధకమనో సంఘాల రాజకీయమనో తీసిపారేస్తారు. ఆ మాట పాత అర్థాన్ని నేను గట్టిగా పట్టుకుంటాను. టీచరు అభ్యంతరం లోపలి నుంచి వచ్చిన కబురు. గదిలో ఉన్నవాడికి తప్ప తెలియనిది అందులో ఉంటుంది.

గిడుగు రామమూర్తి జీవితమంతా అలాంటి అభ్యంతరం. పర్లాకిమిడి బడిలో చిన్న తరగతుల టీచరుగా చేరి, తర్వాత అక్కడే పై తరగతులకు చరిత్ర చెప్పిన మనిషి. చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరల పిల్లలకు చదువు లేదని, ముందు తనే వాళ్ల భాష నేర్చుకున్నాడు. ఆ భాష తెలిసిన మనిషిని ఇంట పెట్టుకుని నేర్చుకున్నాడు, ఆ పిల్లల కోసం పుస్తకాలు రాశాడు, దశాబ్దాల తర్వాత సవర నిఘంటువు తెచ్చాడు. ఎవరూ ఉత్తర్వు ఇవ్వని శిక్షణ అది. ఉత్తర జిల్లాల్లో పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె. ఎ. యేట్స్‌కు, పిల్లలు మాట్లాడే తెలుగుకూ పుస్తకాల్లో తెలుగుకూ ఇంత దూరమెందుకన్న ప్రశ్న పుట్టింది. ఆ ప్రశ్నను విశాఖలో ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాల్ పి. టి. శ్రీనివాస అయ్యంగార్, గురజాడ, గిడుగు అందుకున్నారు. వ్యావహారిక భాషోద్యమం పుట్టిన చోటు అదే. మనం దాన్ని సాహిత్య చరిత్రలో చదువుతాం. మొదట అది బడి సమస్య. ఒక ఇన్‌స్పెక్టరు అడిగాడు, తరగతి గది తెలిసినవాళ్లు జవాబు వెతికారు. పండితులు ఎంత ఎదిరించినా గిడుగు తాళపత్రాలు, శాసనాలు, పిల్లల నోటి మాటలు ఆధారాలుగా చూపుతూ పోయాడు. అధికారి ప్రశ్న టీచరు అనుభవానికి గౌరవం ఇస్తే ఏం జరుగుతుందో చెప్పడానికి మన భాషలోనే ఇంతటి ఉదాహరణ ఉంది.

అందుకే కొత్త పుస్తకం వచ్చినప్పుడు నాకు గుర్తుకొచ్చే మాట పాఠాంతరం. ప్రాచీన కావ్యాలను పరిష్కరించే పండితులు ఒక ప్రతిలో ఇలా, ఇంకో ప్రతిలో అలా ఉందని అడుగున రాస్తారు. ఏ పాఠాన్నీ చెరిపేయరు. పై పాఠాన్ని ఎంచుకున్నా, కింద ఉన్నదీ ఎప్పుడో ఎవరి చేతో నిజంగా రాసినదేనని ఒప్పుకుంటారు. మన ప్రణాళికలు అలా రావు. కృత్యాలు వచ్చినప్పుడు వల్లెవేయడమంతా తప్పన్నారు, పద్యం నోటికి రావడంలో ఉన్న సుఖం కూడా పోయింది. మళ్లీ పునాది నైపుణ్యాలు అన్నప్పుడు కృత్యాలు వెనక్కు జరిగాయి. కరోనా తర్వాత పదో తరగతి పేపర్లు తగ్గాయి, అప్పటిదాకా పేపర్–1, పేపర్–2 అని మేం కట్టుకున్న పద్ధతి మడతపడింది. ఇరవై ఏళ్లు సర్వీసున్న టీచరు మనసులో ఈ పాఠాలన్నీ ఒకదాని కింద ఒకటి ఉంటాయి. శిక్షణ ఇచ్చేవాళ్లు ఆ పుట అడుగు భాగాన్ని ఎప్పుడూ చదవరు.

దీనికి ఒక పద్ధతి మన శాస్త్రంలోనే ఉంది. వృత్తి అన్న మాట నుంచే పుట్టిన మరో మాట వార్తికం. పాణిని సూత్రాల మీద కాత్యాయనుడు వార్తికాలు రాశాడు. చెప్పినదాన్నీ, చెప్పకుండా వదిలినదాన్నీ, సరిగ్గా చెప్పనిదాన్నీ విచారించేది వార్తికమని శాస్త్రకారులు నిర్వచించారు. ఉక్తం, అనుక్తం, దురుక్తం. పాణిని మీద అగౌరవంతో రాసినవి కావు అవి. సూత్రాన్ని ప్రాణంగా పట్టుకున్నవాడే అందులో ఏం వదిలారో చూడగలడు. వార్తికాలు లేకుండా పతంజలి మహాభాష్యం లేదు, పాణిని సూత్రాలు అంతకాలం నిలిచేవీ కావు.

నేను అడిగేది ఇది. ఏడాది 50 గంటల్లో కొన్నయినా టీచరు తన బడిలోనే గడపనివ్వాలి. ఇద్దరు తోటి టీచర్లను తన తరగతిలో కూర్చోబెట్టుకున్న పీరియడును, తర్వాత వాళ్లతో మాట్లాడిన గంటను శిక్షణ గంటలుగా లెక్కించాలి. ఏడాది చివర రాష్ట్ర విద్యా పరిశోధన శిక్షణ సంస్థకు టీచర్లు పాఠం పాఠం వారీగా వార్తికం పంపాలి, వాచకాన్ని మళ్లీ అచ్చు వేసేవాళ్లు దాన్ని చదవాలి. ఈ సంవత్సరం మా కాంప్లెక్సులో తెలుగు టీచర్లం ఏడో తరగతి వాచకంతో మొదలుపెడుతున్నాం. ఒక్కో పాఠానికి మూడు గడులు గీసుకున్నాం. చెప్పినదానికీ సరిగ్గా చెప్పనిదానికీ సన్నగా, చెప్పకుండా వదిలినదానికి వెడల్పుగా.